డిచ్‌పల్లి క్యాంపస్‌కు ఒక బిల్డ్ సర్వర్ కావాలి: తెలంగాణ విశ్వవిద్యాలయ ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,



నేను డిచ్‌పల్లి మండలంలో పుట్టి పెరిగినవాణ్ని. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో బిల్డ్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. పదిమంది రాసిన కోడ్ ఒకచోట చేరిన ప్రతిసారీ దాన్ని కంపైల్ చేసి, పరీక్షలు నడిపి, నిలిచిందో విరిగిందో చెప్పే యంత్రాలను చూసుకోవడం నా పని. అలాంటి ఏర్పాటు ఒకటి మన క్యాంపస్‌లో ఉండాలని కోరుతూ, అందుకు కావలసినవన్నీ లెక్కలతో సహా మీ ముందు పెడుతున్నాను. మీకు విడిగా అర్జీ పెట్టుకోకుండా పత్రికలో ఎందుకు రాస్తున్నానంటే, ఇది ఒక్క సంతకంతో తేలే పని కాదు. కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులు, అనుబంధ కళాశాలల ప్రిన్సిపాళ్లు, చదువుకుంటున్న పిల్లలు, వాళ్లను చదివిస్తున్న తల్లిదండ్రులు అందరూ తెలుసుకుని అడగాల్సిన విషయం.

2006లో ఈ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు మా ప్రాంతంలో చాలా ఇళ్లకు పీజీ చదువు మొదటిసారి అందుబాటులోకి వచ్చింది. అంతకుముందు చాలామంది వరంగల్‌కో హైదరాబాద్‌కో పోవాల్సి వచ్చేది. పసుపు, వరి, మక్క పండించే కుటుంబాల పిల్లలు ఇవాళ డిచ్‌పల్లిలో కంప్యూటర్లు చదువుతున్నారు. వాళ్ల తెలివికీ కష్టానికీ తక్కువేం లేదు. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఇలాంటి పిల్లలతో నేను తరచూ మాట్లాడుతుంటాను. జావా అడిగితే చెబుతారు, డేటాబేస్ అడిగితే చెబుతారు. "నీ ప్రాజెక్టును వేరే కంప్యూటర్‌లో మొదటినుంచి కట్టి చూపించగలవా?" అంటే మాత్రం ఆగిపోతారు.

తప్పు వాళ్లది కాదు. మన రాష్ట్రంలో చాలా కళాశాలల్లో చివరి సెమిస్టర్ ప్రాజెక్టు ఒకే తీరుగా సాగుతుంది. నలుగురు కలిసి ఒక జట్టు. ఎవరి భాగం వాళ్ల ల్యాప్‌టాప్‌లో రాసుకుంటారు. వైవాకు వారం ముందు పెన్‌డ్రైవ్‌లతో నాలుగు ముక్కలనూ ఒకచోటికి తెస్తారు. అప్పుడు ఒకరి జావా వెర్షన్ ఇంకొకరిదానితో కలవదు, ఒకరు మార్చిన టేబుల్ పేరు ఇంకొకరికి తెలియదు. రెండు రాత్రులు మేల్కొని ఏదో ఒక ల్యాప్‌టాప్‌లో నడిచేలా చేస్తారు. వైవా అయిపోతుంది, రికార్డు బైండింగుకు పోతుంది. మరుసటి ఏడాది జూనియర్లు ఆ ప్రాజెక్టును తీసుకుని ముందుకు నడపాలంటే కుదరదు. ఎందుకంటే అది ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా కట్టబడదు.

ఈ చిక్కుకు మందు పాతదే. 1990ల చివర అమెరికాలో కెంట్ బెక్, ఆయన సహచరులు ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పద్ధతిని రూపొందిస్తూ ఒక నియమం పెట్టుకున్నారు. ఎవరి పని వాళ్లు దాచుకుని చివర్లో కలపడం కాదు, రోజూ, వీలైతే రోజుకు పలుమార్లు కలపాలి, కలిపిన ప్రతిసారీ మొత్తాన్నీ కట్టి పరీక్షించాలి. దీన్నే కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ అంటున్నాం. ఆ పనిని మనిషి ప్రతిసారీ చేయలేడు కనుక యంత్రానికి అప్పగించారు. 2001లో థాట్‌వర్క్స్ ఇంజినీర్లు క్రూయిజ్‌కంట్రోల్ తెచ్చారు. 2004లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేస్తున్న జపాన్ ప్రోగ్రామర్ కోసుకే కవాగుచి హడ్సన్ రాయడం మొదలుపెట్టాడు. తన మార్పు వల్ల అందరి బిల్డూ విరగకముందే తనకు తెలియాలన్నది ఆయన అవసరం. ఆ ప్రాజెక్టే 2011లో పేరు మార్చుకుని జెన్‌కిన్స్ అయింది. ఇవాళ ప్రపంచమంతటా కంపెనీల్లో వాడుతున్న బిల్డ్ సర్వర్లలో దానిది పెద్ద వాటా. అది పూర్తిగా ఉచితం, దాని మూలకోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది.

తెలుగు పాఠకుడికి ఇది దూరపు సంగతి కాదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మీడియావికీ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు మార్పు ప్రతిపాదించినా ముందు జెన్‌కిన్స్ నడిపే పరీక్షలను దాటాలి. తెలుగులో మెనూలు చూపించే లిబ్రెఆఫీస్‌దీ అదే దారి. మన నిజామాబాద్ జిల్లా వ్యాపారమూ సాఫ్ట్‌వేర్ మీదికి వచ్చి చాలా కాలమైంది. 2016లో కేంద్రం ఈ-నామ్ అనే ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్‌ను మొదలుపెట్టినప్పుడు తొలి మార్కెట్లలో నిజామాబాద్ యార్డు ఒకటి. ఆ అమలుకే 2017లో జిల్లాకు ప్రధానమంత్రి పురస్కారం వచ్చింది. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది. ఆర్మూరు రైతు తెచ్చిన పసుపు ధర తెర మీద తేలే చోట, ఆ తెర వెనుక కోడ్‌ను పరీక్షించగలిగే మనుషులు డిచ్‌పల్లిలోనే తయారు కావాలని అడగడం అత్యాశ కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బిల్డ్ సర్వర్ పెట్టడానికి ఏం కావాలి? జెన్‌కిన్స్ తన పత్రాల్లో చెప్పే కనీస అవసరం 256 ఎంబీ మెమరీ, 1 జీబీ డిస్క్. చిన్న జట్టుకు 4 జీబీకి పైగా మెమరీ, 50 జీబీకి పైగా డిస్క్ ఉండాలని సూచిస్తుంది. ఈ అంకెలు చూసి మూల గదిలో ఉన్న ఏ పాత కంప్యూటరైనా చాలుననుకుంటే మొదటి నెలలోనే పని చెడుతుంది. కనీస అవసరమన్నది జెన్‌కిన్స్ లేచి నిలబడడానికి చెప్పింది. దాని చేత పని చేయించడానికి కావలసింది వేరు.

పనిచేయించడం అంటే ఏమిటో ఒక మాటలో చెబుతాను. విద్యార్థి కోడ్ పంపగానే ఈ యంత్రం ఎర్ర గుర్తో పచ్చ గుర్తో చూపుతుంది. ఎరుపు అంటే "నీ కోడ్‌లో తప్పుంది" అని అర్థం. కరెంటు పోయినందుకో, డిస్క్ నిండినందుకో, మెమరీ చాలనందుకో ఎరుపు వస్తే? మొదటిసారి విద్యార్థి గంటసేపు తన కోడ్‌లో తప్పు వెతుకుతాడు. రెండోసారి "సర్వరే అట్లుంటది" అంటాడు. మూడోసారి చూడనే చూడడు. యార్డులో కాంటా తప్పు చూపుతోందని ఒక్కసారి మాట పుడితే రైతు ఆ కాంటా మీద బస్తా పెట్టడు, దాన్ని బాగుచేశామని ఎంత చెప్పినా నమ్మకం తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే మెమరీ, డిస్క్, కరెంటు, భద్రత, మనిషి అంటూ నేను చెప్పబోయే ప్రతి అవసరం వెనుక ఉన్న లక్ష్యం ఒక్కటే: ఆ యంత్రం చెప్పే మాట నిజమై ఉండాలి.

మొదటిది, ఒక యంత్రం కాదు, రెండు కావాలి. పెద్ద సర్వర్ ఒకటి కొనడంకంటే మామూలు కంప్యూటర్లు రెండు కొనడం మేలు. ఒకటి కంట్రోలర్. ఎవరి కోడ్ ఎప్పుడు వచ్చింది, ఏ బిల్డు ఎక్కడ నడవాలి, ఫలితం ఏమిటి అన్న లెక్క చూసేది అదే. రెండోది ఏజెంట్, కంపైల్ చేసి పరీక్షలు నడిపేది. కంట్రోలర్ మీదే బిల్డులు నడపవద్దని జెన్‌కిన్స్ పత్రాలే హెచ్చరిస్తాయి. కారణం స్పష్టం. విద్యార్థి రాసిన కోడ్‌లో అంతం లేని లూప్ ఉండొచ్చు, డిస్క్ అంతా నింపే పొరపాటు ఉండొచ్చు. అది ఏజెంట్‌ను పడగొట్టినా కంట్రోలర్ నిలబడి "ఏజెంట్ పడిపోయింది" అని నిజం చెప్పగలగాలి.

కంట్రోలర్‌కు 4 కోర్ల ప్రాసెసర్, 16 జీబీ మెమరీ, 500 జీబీ ఎస్ఎస్‌డీ చాలు. అందులోనే కోడ్ నిల్వకు గిటీ లాంటి తేలికైన సాఫ్ట్‌వేర్‌ను కూడా పెట్టవచ్చు. చిన్న జట్లకు 2 కోర్లు, 1 జీబీ మెమరీ సరిపోతుందని గిటీ వాళ్లే చెబుతారు. జెన్‌కిన్స్‌కు జావా అవసరం. 2024 అక్టోబరు నుంచి వస్తున్న దీర్ఘకాల విడుదలలు జావా 17 కంటే పాతదాని మీద నడవవు. ల్యాబుల్లో పాఠాల కోసం పాత జావా ఉంటే ఉండనివ్వండి, సర్వర్‌కు మాత్రం కొత్తది పెట్టాలి. విద్యార్థి ప్రాజెక్టు ఏ జావాతో కట్టాలన్నది ఏజెంట్ మీద విడిగా నిర్ణయించుకోవచ్చు, ఈ రెండింటికీ ముడి లేదు.

ఏజెంట్ సైజు తేల్చాలంటే తరగతి లెక్క వేయాలి. 60 మంది తరగతిలో నలుగురికో జట్టు అనుకుంటే 15 ప్రాజెక్టులు. ఒక్కో బిల్డుకు 6 నిమిషాలు పడుతుందనుకుందాం. గడువు రోజు సాయంత్రం 15 జట్లూ ఒకేసారి కోడ్ పంపితే, ఒకేసారి రెండు బిల్డులు నడిపే యంత్రం మీద చివరి జట్టు 48 నిమిషాలు ఆగాలి. నాలుగు నడిపితే 24 నిమిషాలు. తప్పు దిద్దుకుని మళ్లీ పంపడానికి అరగంటలోపు జవాబు రావాలంటే నాలుగు వరుసలు తప్పవు. ఒక్కో వరుసకు కనీసం ఒక కోర్ కేటాయించాలి. పరీక్షలు, డేటాబేస్ కూడా పక్కనే నడుస్తాయి కనుక 8 కోర్లు ఉంటే ఊపిరి సలుపుతుంది.

ఎక్కువమంది పొరపాటు పడేది మెమరీ దగ్గరే. పైథాన్ ప్రాజెక్టు తక్కువతో సరిపెట్టుకుంటుంది. ఆండ్రాయిడ్ ప్రాజెక్టు అలా ఊరుకోదు. ఆండ్రాయిడ్ స్టూడియోలో కొత్త ప్రాజెక్టు తెరవగానే దాన్ని కట్టే గ్రేడిల్ అనే సాధనానికి 2 జీబీ మెమరీ (హీప్) కేటాయించి ఉంటుంది. దానికి తోడు కోట్లిన్ కంపైలర్, పరీక్షలు నడిపే ప్రాసెస్ కలుపుకుంటే ఒక్క బిల్డుకు 4 జీబీ పక్కన పెట్టాలి. నాలుగు వరుసలకు 16, ఆపరేటింగ్ సిస్టమ్‌కు, దాని ఫైల్ క్యాష్‌కు మరికొంత. 16 జీబీ యంత్రం కొంటే సరిగ్గా గడువు రోజున లినక్స్ మెమరీ చాలక ఏదో ఒక బిల్డును మధ్యలో చంపేస్తుంది. విద్యార్థికి మాత్రం ఎర్ర గుర్తు కనిపిస్తుంది. అందుకే 32 జీబీ అడుగుతున్నాను. ఎమ్యులేటర్ మీద యాప్ పరీక్షలు నడపాలంటే ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్ సౌకర్యం ఉండాలి, దాన్ని బయోస్‌లో తెరిచి ఉంచాలి. కొనేముందే చూసుకోవలసిన సంగతి ఇది.

ఇంతకు మించి వద్దు. ఆండ్రాయిడ్ ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తాన్నీ కట్టడానికి గూగుల్ 64 జీబీ మెమరీ, 400 జీబీ ఖాళీ డిస్క్ అడుగుతుంది. తమ 72 కోర్ల యంత్రాల మీద అది దాదాపు 40 నిమిషాల పని అనీ, 6 కోర్ల యంత్రం మీద 6 గంటలు పడుతుందనీ ఆ పత్రాల్లోనే ఉంది. అంత బరువు మన పిల్లల ప్రాజెక్టులకు లేదు. పెద్ద సర్వర్ కొనాలన్న ఆలోచనతో ఫైలు ఏళ్ల తరబడి తిరగడంకంటే, చిన్నవి రెండు ఈ సెమిస్టర్‌లోనే రావడం మంచిది. ల్యాబు మూసిన తర్వాత ఖాళీగా ఉండే కంప్యూటర్లను కూడా రాత్రిపూట అదనపు ఏజెంట్లుగా వాడుకోవచ్చు. జెన్‌కిన్స్‌కు ఆ వీలుంది.

డిస్క్ ఎస్ఎస్‌డీ కావాలని గట్టిగా చెబుతున్నాను. ఒక్క వెబ్ ప్రాజెక్టు తెచ్చుకునే లైబ్రరీల్లోనే పదివేల చిన్న ఫైళ్లుంటాయి. తిరిగే పాత డిస్క్ మీద వాటిని రాసి చెరపడానికే బిల్డు సమయంలో సగం పోతుంది. ఎంత స్థలం కావాలన్నది కూడా లెక్కతో తేలుతుంది. 15 ప్రాజెక్టులు, రోజుకు పదేసి బిల్డులు, ప్రతి బిల్డుకు 20 ఎంబీ యాప్ ఫైలు దాచుకుంటూ పోతే రోజుకు 3 జీబీ, నెలకు 90 జీబీ. 50 జీబీ డిస్క్ మూడు వారాలు కూడా ఆగదు. డిస్క్ నిండిన రోజున అన్ని జట్లకూ ఒకేసారి ఎరుపు వస్తుంది. కాబట్టి ఏజెంట్‌కు 1 టీబీ పెట్టండి. అంతకంటే ముఖ్యంగా, ప్రతి ప్రాజెక్టుకూ చివరి పది బిల్డులే ఉంచి మిగతావి చెరిపే నియమం మొదటి రోజే పెట్టాలి.

నెట్‌వర్క్ మాటకొస్తే, బిల్డు ప్రతిసారీ బయటినుంచి లైబ్రరీలు దింపుకుంటుంది. క్యాంపస్ అంతా ఒకే పబ్లిక్ చిరునామా వెనుక నుంచి బయటికి పోతుంటే ఒక ఇబ్బంది ఉంది. బిల్డులు నడిచే కంటైనర్ల ఇమేజ్‌లను అందించే డాకర్ హబ్, లాగిన్ లేకుండా వాటిని తెచ్చుకునేవారికి 2020 నవంబరు నుంచి హద్దు పెట్టింది. ఒక చిరునామాకు ఆరు గంటలకు 100 సార్లు అన్నది ఆ హద్దు. పదిహేను జట్లు కలిసి వాడితే పూట గడవకముందే అది అయిపోతుంది. అప్పుడు వచ్చే ఎరుపుకూ కోడ్‌కూ ఏ సంబంధం ఉండదు. ఒకసారి దింపుకున్నదాన్ని కంట్రోలర్ దగ్గరే దాచి అందరికీ పంచే క్యాష్ ఏర్పాటు చేసుకుంటే ఆ హద్దూ తగలదు, క్యాంపస్ ఇంటర్నెట్ మీద భారమూ తగ్గుతుంది.

ఇక కరెంటు, ఎండ. వేసవిలో మన జిల్లాలో 44, 45 డిగ్రీలు మామూలు. కంప్యూటర్ పరికరాలకు చుట్టూ గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మంచిదని ప్రమాణాలు రూపొందించే ఆష్రే సంస్థ చెబుతుంది. ప్రాసెసర్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. జనవరిలో 6 నిమిషాల్లో అయిన బిల్డు మేలో 12 నిమిషాలు పట్టి, సమయం మించిందని ఆగిపోతే ఆ తప్పు విద్యార్థిది కాదు. ప్రాజెక్టుల గడువులు పడేది కూడా సరిగ్గా ఆ ఎండల్లోనే. కాబట్టి ఈ రెండు యంత్రాలను ల్యాబు మూలన కాకుండా ఇప్పటికే ఏసీ నడుస్తున్న గదిలో పెట్టండి. యూపీఎస్ తప్పనిసరి. కరెంటు పోయి బ్యాటరీ అడుగంటుతున్నప్పుడు యంత్రం తనంతట తాను సక్రమంగా ఆగిపోవాలి. కరెంటు రాగానే ఎవరూ బటన్ నొక్కకుండానే లేవాలి. మొదటిదానికి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, రెండోదానికి బయోస్‌లో ఒక్క సెట్టింగ్ చాలు. ఖర్చు భయపెట్టేది కాదు. ఒక్కో యంత్రం సగటున 100 వాట్లు తీసుకున్నా, రెండూ పగలూ రాత్రీ నడిస్తే నెలకు 144 యూనిట్లు.

ఇంతవరకూ చెప్పినవి డబ్బుతో వచ్చేవి. భద్రత విషయంలో డబ్బుకంటే క్రమశిక్షణ ముఖ్యం. ఇక్కడ ఒక ఘటన గుర్తుచేయాలి. 2024 జూలై 31న, చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ మీద జరిగిన రాన్సమ్‌వేర్ దాడి వల్ల ఎన్‌పీసీఐ ఆ సంస్థను తన చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా విడదీసింది. దేశంలో దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు ఆగాయి. ఆ దాడిని విశ్లేషించిన బెంగళూరు సంస్థ క్లౌడ్‌సెక్, సీ-ఎడ్జ్‌తో కలిసి పనిచేసే బ్రోంటూ టెక్నాలజీ సొల్యూషన్స్ అనే సంస్థలో సరిగా అమర్చని ఒక జెన్‌కిన్స్ సర్వర్ దగ్గరే దాడి మొదలైందని తేల్చింది. దొంగలు వాడుకున్న లోపం 2024 జనవరిలోనే బయటపడింది, సవరించిన వెర్షన్ కూడా అప్పుడే వచ్చింది. ఆరు నెలల పాటు ఒక అప్‌డేట్ వేయకపోతే ఏం జరుగుతుందో పల్లెల్లో ఖాతాలున్నవాళ్లు అనుభవించారు.

2020 చివర బయటపడిన సోలార్‌విండ్స్ దాడి ఇంకా పెద్దది. దాడిచేసినవాళ్లు ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ బిల్డు వ్యవస్థలోకే దూరి, కడుతున్న సాఫ్ట్‌వేర్‌లో తమ కోడ్ కలిపారు. ఆ విషపు అప్‌డేట్ దాదాపు 18,000 మంది వినియోగదారుల దాకా చేరింది. బిల్డ్ సర్వర్‌కు అన్ని తాళాలూ తెలుసు, అది కట్టినదాన్ని అందరూ నమ్ముతారు. అందుకే మన సర్వర్ బయటి ఇంటర్నెట్‌కు కనిపించకూడదు, క్యాంపస్ నెట్‌వర్క్ లోపలే ఉండాలి. విశ్వవిద్యాలయ పరీక్షల విభాగం, ఫలితాల వ్యవస్థ ఉన్న నెట్‌వర్క్‌తో దానికి ఏ సంబంధమూ ఉండకూడదు. ప్రతి విద్యార్థికీ సొంత లాగిన్ ఉండాలి. ప్రతి బిల్డూ కంటైనర్‌లో నడిచి, పని అయిపోగానే చెరిగిపోవాలి. అవసరమైన ప్లగిన్‌లే ఉండాలి. వారంలో ఒక రోజు అప్‌డేట్ల రోజు. రోజూ రాత్రి బ్యాకప్ వేరే భవనంలోని డిస్క్‌కు పోవాలి. సెమిస్టర్‌కు ఒకసారి ఆ బ్యాకప్ నుంచి సర్వర్‌ను మొదటినుంచి లేపి చూడాలి. అలా లేపి చూడనంతవరకు బ్యాకప్ ఉందని అనుకోవడానికి వీల్లేదు.

"ఇదంతా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంటే మనకెందుకు?" అని మీ అధ్యాపకుల్లో ఎవరైనా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. గిట్‌హబ్‌లో అందరికీ తెరిచిన ప్రాజెక్టులకు బిల్డులు ఉచితం. అలాంటి ప్రాజెక్టులను అక్కడ పెట్టమనే నేనూ చెబుతాను. ప్రైవేటు ప్రాజెక్టులకు మాత్రం ఉచిత ఖాతాలో నెలకు 2000 నిమిషాలే. 15 జట్లు ఒకే ఖాతా కింద రోజుకు పదేసి బిల్డులు నడిపితే రోజుకే 900 నిమిషాలు. మూడో రోజుకు నెల కోటా అయిపోతుంది. పైగా, ఉచితాన్ని నమ్ముకుని పాఠ్యప్రణాళిక కట్టలేం. ఓపెన్ సోర్స్ ప్రపంచమంతా ఏళ్లపాటు వాడిన ట్రావిస్ సీఐ, తమ ఉచిత యంత్రాల మీద కొందరు క్రిప్టో నాణేల తవ్వకం మొదలుపెట్టడంతో 2020 నవంబరులో నియమాలు మార్చింది, 2021 జూన్‌లో ఆ పాత ఉచిత సైటును మూసేసింది. వేలాది ప్రాజెక్టులు వేరే చోటు వెతుక్కున్నాయి.

దీనికంటే పెద్ద కారణం చదువుకు సంబంధించింది. ఉద్యోగాల్లో డెవ్‌ఆప్స్ అని అడిగే నైపుణ్యం ఇంకొకరి సర్వర్ మీద బటన్ నొక్కితే రాదు. డిస్క్ నిండుతున్నప్పుడు పసిగట్టడం, రాత్రి పడిపోయిన ఏజెంట్ ఎందుకు పడిందో లాగ్ చదివి తేల్చడం, అప్‌డేట్ వేసేముందు వెనక్కి వచ్చే దారి ఆలోచించడం, ఇవి సొంతంగా ఒక సర్వర్‌ను నడిపినవాళ్లకే వస్తాయి. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ తన సొంత గిట్‌ల్యాబ్ సర్వర్ నడుపుతూ విద్యార్థులకు అందులో పని చూపుతోంది. 2023లో నిజామాబాద్‌లో ఐటీ హబ్ తెరిచారు. అక్కడి కంపెనీలు హైదరాబాద్ నుంచి మనుషులను తెచ్చుకోవాల్సిన అవసరం లేకుండా చేసేది ఇలాంటి చదువే.

కాబట్టి నా జాబితాలో చివరిదీ ముఖ్యమైనదీ మనిషి. ఎన్ని జీబీలున్నా, బాధ్యుడు లేని సర్వర్ ఏడాది దాటదు. కొన్నవారు బదిలీ అవుతారు, పెట్టిన విద్యార్థి పాసై వెళ్లిపోతాడు, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. ఇలా మూలనపడ్డ యంత్రాలను అన్ని చోట్లా చూస్తున్నాం. అందుకని ఒక అధ్యాపకుడినో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌నో పేరుపెట్టి బాధ్యుడిగా నియమించి, ఆ పనికి వారంలో గంటలు కేటాయించండి. ఆయన పనిభారం లెక్కలో అవి కనిపించాలి. ఆయన కింద ప్రతి బ్యాచ్ నుంచి ఇద్దరు విద్యార్థులు ఉండాలి. సీనియర్లు వెళ్లేముందు ఒక సెమిస్టర్ పాటు జూనియర్లతో కలిసి పనిచేయాలి. ప్రతి మార్పూ ఒక రిజిస్టర్‌లో ఎక్కాలి. సర్వర్ అమరిక మొత్తం కోడ్ రూపంలోనే రాసిపెట్టుకుంటే, యంత్రం కాలిపోయినా ఆ ఫైళ్లతో కొత్తదాన్ని లేపుకోవచ్చు.

బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు కూడా ఒక మాట. ప్రాజెక్టు మార్కుల్లో కొంత భాగం మొదటి వారం నుంచే బిల్డు నడిపినందుకు ఇవ్వండి. ఎరుపు వచ్చిందని మార్కులు కోయకండి. ఎరుపు రావడం తప్పు కాదు, అది వచ్చినందుకే తప్పు తెలిసింది. వచ్చిన ఎరుపును వారాలపాటు అలాగే వదిలేయడమే తప్పు. ఈ తేడా మార్కుల పద్ధతిలో లేకపోతే, పిల్లలు పరీక్షలు రాయడం మానేసి పచ్చ గుర్తు తెచ్చుకోవడం నేర్చుకుంటారు.

ఈ లేఖ ద్వారా మిమ్మల్ని అడుగుతున్నవి ఇవి: పైన చెప్పిన రెండు కంప్యూటర్లు, ఒక యూపీఎస్, చల్లని గదిలో ఒక బల్ల, క్యాంపస్ నెట్‌వర్క్‌లో విడిగా ఒక భాగం, పేరున్న ఒక బాధ్యుడు. సాఫ్ట్‌వేర్‌కు రూపాయి అవసరం లేదు. ఒక కొత్త ల్యాబుకు అయ్యే ఖర్చులో ఇది చిన్న భాగం. ముందు ఎంసీఏ చివరి సంవత్సరం ప్రాజెక్టులతో మొదలుపెట్టండి. ఒక సెమిస్టర్ నడిచాక బిల్డుల లాగ్ చూసి, ఎన్ని ఎరుపులు కోడ్ వల్ల వచ్చాయో, ఎన్ని యంత్రం వల్ల వచ్చాయో లెక్క తీయించండి. యంత్రం వల్ల వచ్చినవి సున్నాకు దగ్గరగా ఉంటే రెండో ఏడాది భిక్కనూరు సౌత్ క్యాంపస్‌కు, ఆ తర్వాత అనుబంధ డిగ్రీ కళాశాలలకు తెరవండి. ఎక్కువగా ఉంటే ముందు వాటిని సరిచేశాకే ముందుకు పోదాం.

నా వంతుగా, సర్వర్ అమర్చే వారంలో క్యాంపస్‌కు వచ్చి మీ విద్యార్థులతో కలిసి పనిచేస్తాను. ఆ తర్వాత కూడా శని, ఆదివారాల్లో అందుబాటులో ఉంటాను. ఈ జిల్లా నుంచి వెళ్లి ఇదే రంగంలో పనిచేస్తున్న మిత్రులు హైదరాబాదులోనూ విదేశాల్లోనూ ఉన్నారు. పిలిస్తే వాళ్లూ వస్తారని నా నమ్మకం. అమర్చేది మాత్రం మీ విద్యార్థుల చేతులే కావాలి, మేం పక్కన నిలబడతాం. వచ్చే విద్యా సంవత్సరం తరగతులు మొదలయ్యేలోపు మీరు ఈ విన్నపం మీద ఒక నిర్ణయం తీసుకుని, అధ్యాపకులకూ విద్యార్థులకూ తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
డిచ్‌పల్లి మండలానికి చెందిన ఒక బిల్డ్ ఇంజినీరు